ఎర్ర కార్డు ఉందిగా, లోపలికి తీసుకెళ్లొచ్చుగా!

ఆదివారం మధ్యాహ్నం కేరమ్ డౌన్స్‌లోని శివవిష్ణు ఆలయానికి వెళ్తే మెల్‌బోర్న్ తెలుగువాళ్లలో సగం మంది అక్కడే కనబడతారని మేం సరదాగా అనుకుంటుంటాం. 1994లో కుంభాభిషేకం జరిగిన గుడి ఇది. విక్టోరియా రాష్ట్రంలో హిందూ దేవాలయం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది బౌండరీ రోడ్డులోని ఈ గోపురాలే. దర్శనం అయ్యాక కేంటీన్ దగ్గర దోసెల వరసలో నిలబడితే చాలు, అద్దె ఇళ్ల దగ్గర్నుంచి పీఆర్ పాయింట్ల దాకా అన్ని కబుర్లూ చెవిన పడతాయి.

మొన్న ఆ వరసలోనే ఒక వరంగల్ కుర్రాడు నన్ను పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వు ఎయిర్‌పోర్టు లోపట పని చేస్తవట గదా. నీ దగ్గర ఎర్ర కార్డు ఉన్నదట. మా అమ్మ మంగళవారం ఒక్కతే పోతున్నది. ఇంగ్లిషు రాదు. జర విమానం దాంక తీస్కపోరాదే!”

ఇలా అడిగింది అతనొక్కడే కాదు. ఎయిర్‌పోర్టు నిర్మాణ పనుల్లో సూపర్‌వైజర్‌నని తెలిసిన దగ్గర్నుంచి నాకు ఇలాంటి విన్నపాలు వస్తూనే ఉన్నాయి. కారులో మర్చిపోయిన మందుల సంచీ లోపల అందించమని ఒకరు, తనిఖీలో తీసేస్తారేమోనని తేనె సీసా ‘అవతలి పక్క’ ఇవ్వమని ఒకరు, పిల్లవాడికి విమానం దగ్గర్నుంచి చూపించమని ఇంకొకరు. కుదరదండీ అంటే ‘అంత పెద్దవాడివైపోయావా’ అన్నట్టు చూస్తారు. ఆ కార్డు గురించి, ఆ గోడ గురించి మనవాళ్లకి తెలిసింది తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

గోడకి అవతల ఏముంది?

బయటి నుంచి చూస్తే ఎయిర్‌పోర్టు ఒకటే భవనం. అందులో పని చేసేవాళ్లకి మాత్రం అది రెండు దేశాల్లాంటిది. ఎవరైనా వచ్చిపోగలిగే భాగాన్ని ల్యాండ్‌సైడ్ అంటారు. పార్కింగు, చెక్-ఇన్ కౌంటర్లు, కాఫీ కొట్లు ఇటువైపు. విమానాలు తిరిగేది ఎయిర్‌సైడ్. మీరు సంచీలు ట్రేలో పెట్టి, జేబులు ఖాళీ చేసి దాటేది ఈ రెంటి మధ్య తనిఖీ కేంద్రం. అది దాటాక మీరు కూర్చునే హాలు పేరు స్టెరైల్ ఏరియా. ఆపరేషన్ థియేటర్‌లోకి క్రిమిని రానివ్వనట్టు, తనిఖీ కాని మనిషినీ వస్తువునీ రానివ్వని చోటు అని అర్థం.

ప్రయాణికుడికి అక్కడితో దారి అయిపోతుంది. గేటు, గేటు నుంచి విమానం. కానీ ఆ హాలు గోడల వెనకాల ఇంకో ఊరే ఉంటుంది. కౌంటర్లో మీరు బెల్టు మీద పెట్టిన సూట్‌కేసు ఒక రంధ్రంలోంచి మాయమవుతుంది కదా, అది వెళ్లేది బ్యాగేజీ హాలుకి. అక్కడ మెలికలు తిరిగిన బెల్టులు, ఎక్స్‌రే యంత్రాలు, ఆ చప్పుడులో చెవులకి మఫ్స్ పెట్టుకుని పెట్టెలు ఎత్తే కుర్రాళ్లు. వాళ్లలో మన పంజాబీలూ, శ్రీలంకవాళ్లూ, ఈమధ్య మన తెలుగు విద్యార్థులూ కనబడుతున్నారు. దాని బయట విమానాలు ఆగే ఏప్రన్. ఇంధనం లారీలు, భోజనాల బండ్లు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే బండ్లు అన్నీ అక్కడే తిరుగుతాయి. విమానం మీద ఎర్ర లైటు తిరుగుతోందంటే ఇంజిన్ నడుస్తోందని గానీ, ఇప్పుడే మొదలవబోతోందని గానీ అర్థం. ఎంత పెద్ద లారీ అయినా సరే, ఆగి విమానానికి దారి ఇవ్వాల్సిందే. ఆ ఏప్రన్ దాటితే టాక్సీవేలు, వాటి తర్వాత రన్‌వేలు.

మన గుడిలో ధ్వజస్తంభం దాకా అందరూ వస్తారు. మండపంలో భక్తులు నిలబడతారు. గర్భగుడిలోకి అర్చకుడొక్కడే, అదీ స్నానం చేసి మడి కట్టుకుని వెళ్తాడు. చుట్టాలు వచ్చారు కదా అని వాళ్లని వెంటబెట్టుకుని లోపలికి పోడు. ఆ కుర్రాడికి ముందు ఈ పోలికే చెప్పాను. “అది దేవుడు గదన్నా, ఇది విమానమే గదా” అన్నాడు!

మెల్‌బోర్న్ విమానాశ్రయం ఊరికి వాయవ్యంగా టల్లమరీన్‌లో ఉంది. 1970లో మొదలైంది. మా కేరమ్ డౌన్స్ ఊరికి ఆగ్నేయంగా ఉంది. అంటే నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటాలి, దగ్గర దగ్గర డెబ్భై కిలోమీటర్లు. ఈస్ట్‌లింక్, మొనాష్ ఫ్రీవే, సిటీలింక్, దారి పొడుగునా టోల్. ఎయిర్‌పోర్టుకి రైలు ఇంకా రాలేదు. ఒకదాన్నొకటి అడ్డంగా కోసే రెండు రన్‌వేలు ఉన్నాయి, పెద్దదాని పొడవు 3,657 మీటర్లు. సిడ్నీలోలా ఇక్కడ రాత్రి కర్ఫ్యూ లేదు, ఇరవై నాలుగు గంటలూ విమానాలు నడుస్తాయి. అయినా రద్దీ తగ్గేది రాత్రే కాబట్టి మా పనులు ఎక్కువగా రాత్రిళ్లే. పొద్దున నాలుగున్నరకి ఇంటికి తిరిగొస్తుంటే ఎదురుగా ఎయిర్‌పోర్టుకి పరిగెత్తే కార్లలో ఎన్ని మన కుటుంబాలు ఉన్నాయో అనుకుంటాను.

కార్డు ఎలా వస్తుంది?

దీని పూర్తి పేరు ఏవియేషన్ సెక్యూరిటీ ఐడెంటిఫికేషన్ కార్డు. అందరం ‘ఏసిక్’ అంటాం. 2004 నాటి విమానయాన భద్రతా చట్టం, 2005 నాటి నిబంధనల కింద ఇస్తారు. ఎర్రది ఎయిర్‌సైడ్ భద్రతా ప్రాంతాల్లోకి వెళ్లేవాళ్లకి, బూడిదరంగుది ఎయిర్‌సైడ్ తప్ప మిగతా భద్రతా ప్రాంతాలకి. నేర చరిత్ర చూస్తారు, దేశ భద్రతా సంస్థ ఏసియో పరిశీలిస్తుంది, వలస వచ్చినవాళ్లమైతే పని చేసే హక్కు ఉందో లేదో చూస్తారు. గరిష్ఠంగా రెండేళ్లకి ఇస్తారు, మళ్లీ మొదటి నుంచి అన్నీ చూడాల్సిందే. లోపల ఉన్నంతసేపూ నడుముకి పైన, పై బట్టల మీద అందరికీ కనబడేలా పెట్టుకోవాలి. చలికాలంలో జాకెట్ వేసుకుని కార్డు లోపల ఉండిపోయిందా, ఎవరో ఒకరు వచ్చి భుజం తడతారు. అలా తట్టడం కూడా మా ఉద్యోగంలో భాగమే. కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లకి అందరికన్నా కష్టంగా ఉండేది ఇదే. పెద్దవాణ్ని ఆపి ‘మీ కార్డేదండీ’ అని అడగడానికి నోరు రాదు.

తెలుగువాళ్లకి ఇందులో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. అదే మన పేర్లు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ అయింది. డ్రైవింగ్ లైసెన్సులో పేరు ముందుకొచ్చి ఇంటిపేరు వెనక్కి పోయింది. డిప్లొమా సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది. ఈ ముగ్గురూ ఒక్కడేనని నిరూపించుకోవడానికి నాకు వారాలు పట్టింది. ఎయిర్‌పోర్టు పనికి రావాలనుకునే వాళ్లు ఈ దేశం వచ్చిన మొదటి నెలలోనే అన్ని కాగితాల మీదా పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఇక్కడ మూడో రన్‌వేకి కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదం ఇచ్చింది. మూడు కిలోమీటర్ల పొడవున 2031 నాటికి సిద్ధం చేయాలన్నది ప్రణాళిక. సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లకి పని బాగానే ఉంటుంది.

కార్డు లేనివాడు పని మీద లోపలికి రావాలంటే విజిటర్ కార్డు ఇస్తారు. పన్నెండు నెలల్లో 28 రోజులకి మించి కుదరదు. అదీ ఏసిక్ ఉన్న మనిషి కళ్ల ముందే ఉండాలి. మా సైటులో టైల్స్ వేసే పెద్దాయన బాత్రూముకి వెళ్లినా నేను వెంట వెళ్లి బయట నిలబడ్డ రోజులున్నాయి. ఆయనకి నవ్వు, నాకు సిగ్గు.

ఇక్కడికి రాకముందు శంషాబాద్ విస్తరణ పనుల్లో కొన్నాళ్లు చేశాను. మన దేశంలో ఈ కార్డుని ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పర్మిట్ అంటారు, పౌర విమానయాన భద్రతా బ్యూరో ఇస్తుంది. దాని మీద ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి, ఒక్కో అక్షరం ఒక్కో ప్రాంతానికి. మీ కార్డు మీద లేని అక్షరం ఉన్న తలుపు దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాను నిలబడి ఉంటాడు, అంతే సంగతులు. ఆస్ట్రేలియాలో జవాను బదులు కార్డు గీసే యంత్రం, పైన కెమెరా ఉంటాయి. తుపాకీ కనబడకపోతే భద్రత లేదనుకుంటాం మనం.

ఒక్కో నిబంధన వెనక ఒక్కో కథ

మొదట్లో నాకూ ఇవన్నీ అతి జాగ్రత్తలే అనిపించేవి. తర్వాత చదువుతూ పోతే, ఈ కాగితాల్లో ప్రాణాలు పోకుండా రాసిన వాక్యాలు తక్కువే అని తెలిసింది.

నీర్జా భనోత్ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ 73 విమానంలో ప్రయాణికులను కాపాడుతూ చనిపోయిన అమ్మాయి. ఆ హైజాకర్లు విమానం దాకా ఎలా వచ్చారో మాత్రం చాలామందికి గుర్తుండదు. వాళ్లు ప్రయాణికుల్లా టికెట్ కొని రాలేదు. ఎయిర్‌పోర్టు భద్రతా సిబ్బంది దుస్తులు వేసుకుని, భద్రతా విభాగం బండిలా తయారు చేసిన వ్యాన్‌లో నేరుగా ఏప్రన్ మీదకి వచ్చేశారు. దుస్తులు చూసి, బండి చూసి ‘మనవాళ్లే’ అనుకున్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు.

అదంతా పాత కాలం సంగతి అనుకోకండి. 2025 మార్చి 6న మా మెల్‌బోర్న్‌కి అవతల, జీలాంగ్ దగ్గర అవలాన్ విమానాశ్రయంలో పదిహేడేళ్ల కుర్రాడు కంచెకి ఉన్న కన్నంలోంచి దూరి, తుపాకీతో సిడ్నీ వెళ్లే విమానం మెట్లెక్కేశాడు. పని వాళ్ల దుస్తుల్లో ఉండడంతో మొదట మెకానిక్ అనుకున్నామని ప్రయాణికులు చెప్పారు. తలుపు దగ్గర ప్రయాణికులే పట్టుకుని పడేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వారం మా సైటులో ప్రతి టీ విరామంలోనూ అదే చర్చ. మేం వేసుకునే మెరిసే పసుపు చొక్కా బన్నింగ్స్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. చొక్కా కాదు, కార్డు చూడండి అని మా వాళ్లకి నేను ఎన్నిసార్లు చెప్పానో, ఆ వారంలో ఆ ఒక్క వార్త అంతకన్నా గట్టిగా చెప్పింది.

సంచుల సంగతికొస్తే కనిష్క. 1985 జూన్ 23న ఎయిరిండియా 182 విమానం ఐర్లండ్ దగ్గర సముద్రం మీద పేలిపోయి 329 మంది పోయారు. బాంబున్న సంచీ విమానం ఎక్కింది, ఆ సంచీ తాలూకు మనిషి ఎక్కలేదు. అదే రోజు అదే ముఠా పంపిన ఇంకో సంచీ జపాన్‌లో నరితా విమానాశ్రయంలో పేలింది. చనిపోయింది ఇద్దరు సంచులు మోసే కార్మికులు. గోడకి ఇవతల మా లాంటివాళ్లు. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సూట్‌కేసుని వెతికి దింపడానికి విమానం అరగంట ఆలస్యమైనప్పుడు తిట్టుకుంటాం కదా, కారణం ఇదీ.

కార్డు వెనక్కి ఇవ్వడం గురించిన కథ నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపిస్తుంది. 1987 డిసెంబరు 7న లాస్ ఏంజెలిస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే పీఎస్‌ఏ 1771 విమానంలో 43 మంది చనిపోయారు. విమానయాన సంస్థ ఉద్యోగం నుంచి తీసేసిన ఒకతను, తన దగ్గరే ఉండిపోయిన ఉద్యోగి కార్డు చూపించి తనిఖీ లేకుండా తుపాకీతో లోపలికి వెళ్లాడు. తనని తీసేసిన సూపర్‌వైజర్ ఆ విమానంలో ఉన్నాడు. అతని మీద కోపంతో అందరినీ బలి తీసుకున్నాడు. ఆ తర్వాతే అమెరికాలో ఉద్యోగం పోయిన క్షణాన కార్డు లాక్కునే నియమం వచ్చింది. ఇక్కడ కూడా పని అయిపోయినవాడు నెలలోపు కార్డు తిరిగి ఇచ్చేయాలి. నేనూ సూపర్‌వైజర్నే. మనిషిని పనిలోంచి తీసేయాల్సి వచ్చినప్పుడు, ఎంత బాధగా ఉన్నా, ముందు చెయ్యి చాపి అడిగేది కార్డే.

కార్డు సక్రమంగా ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ లేదు. 2018 ఆగస్టు 10న సియాటిల్‌లో అన్ని అనుమతులూ ఉన్న గ్రౌండ్ సిబ్బంది కుర్రాడు ఖాళీ విమానాన్ని తనే నడుపుకుంటూ ఎగిరిపోయి ఒక దీవిలో కూలి చనిపోయాడు. అందుకే ఈ మధ్య ఏళ్లలో ప్రయాణికులతో పాటు పని చేసేవాళ్లనీ, బండ్లనీ కూడా తనిఖీ చేయడం పెరిగింది. లోపలి మనిషిని లోపలి మనిషే అనుమానించాల్సి రావడం కొంచెం మనసుకి కష్టమైన పని. కానీ తప్పదు.

లెక్కలో తేడా వచ్చిన రాత్రి

స్టెరైల్ ఏరియాలో పని చేయడమంటే మామూలు సైటు కాదు. మీ చేతిలో గోళ్లు కత్తిరించే కత్తెర ఉన్నా ఆరా తీసే చోట, మేం సుత్తులు, ఉలులు, కట్టర్లతో పని చేస్తాం. అందుకే ప్రతి పనిముట్టుకీ లెక్క ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు జాబితా రాస్తాం, బయటికి వచ్చేటప్పుడు అదే జాబితాతో టిక్కు పెడతాం. పని జరిగే చోటు చుట్టూ చెక్క గోడ కడతాం. ఆ చెక్క గోడ ఒక అడుగు జరిపినా భద్రతా సరిహద్దు జరిగినట్టే కాబట్టి దానికీ అనుమతి కావాలి. క్రేన్ ఎత్తాలంటే విమానాల దారికి అడ్డమేమోనని లెక్క కట్టి ఒప్పుకుంటేనే. విమానాలు తిరిగే చోట పనికి ముందే ఏ రోజు, ఏ గంటలో, ఎక్కడ, ఎవరు అని ఒక ప్రణాళిక పుస్తకం రాసి పెట్టాలి. మా పాలిటెక్నిక్‌లో ఎస్టిమేషన్ సబ్జెక్టుకి కూడా నేనంత రాయలేదు.

ఒక రాత్రి మూడింటికి లెక్క చూస్తే ఒక స్క్రూడ్రైవర్ తక్కువ వచ్చింది. చెయ్యంత కూడా లేనిది, ఐదు డాలర్లది. ఇంకో గంటలో ఆ హాల్లోకి మొదటి విమానం ప్రయాణికులు వస్తారు. కుర్చీల కింద, చెత్తబుట్టల్లో, పైకప్పు పలకల మీద వెతికాం. భద్రతా సిబ్బంది వచ్చారు. ఆ భాగం మూసేశారు. మా వాళ్లలో ఒకడు “కొత్తది కొని పెట్టి లెక్క సరిచేద్దాం బాస్” అని నెమ్మదిగా అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, ఇంటికి పోవాలన్న తొందర. చివరికి ఆ స్క్రూడ్రైవర్ ఒక కుర్రాడి నిచ్చెన బోలు కాలులోకి జారిపోయి దొరికింది. నిచ్చెన ఆడిస్తే గలగలమంది. ఆ గలగల విన్నంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

ఏప్రన్ మీద అయితే చిన్న మేకు కూడా పెద్ద విషయమే. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానం కూలి 113 మంది పోవడానికి మొదలు, అంతకు ముందు ఎగిరిన విమానం నుంచి రన్‌వే మీద రాలిన ఒక లోహపు పట్టీ. మూర పొడుగు కూడా లేదు. దాని మీదుగా టైరు పోయి పగిలింది, ఆ ముక్క రెక్కలోని ఇంధనం ట్యాంకుని కొట్టింది. పని అయ్యాక మేం నేల మీద కళ్లు పెట్టుకుని వరసగా నడుస్తూ స్క్రూలు, తీగ ముక్కలు ఏరుతుంటాం. దూరం నుంచి చూసేవాళ్లకి కోతలైపోయాక పరిగె ఏరుకుంటున్నట్టు ఉంటుంది.

అమ్మ ప్రయాణం

ఇప్పుడు అసలు సంగతి. ఆ వరంగల్ కుర్రాడికి కేంటీన్‌లో నేను కుదరదని చెప్పినప్పుడు “నీ అమ్మైతే తీస్కపోకపోదువా అన్నా?” అన్నాడు. అందుకే ఇది రాయాల్సి వస్తోంది.

రెండేళ్ల కిందట మా ఆవిడ పురుడికని తణుకు నుంచి అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. తిరుగు ప్రయాణం సింగపూర్ మీదుగా హైదరాబాద్. తోడు వస్తానన్న నెల్లూరు ఆవిడ ఆఖరు నిమిషంలో ప్రయాణం మానుకుంది. వీల్‌చెయిర్ చెప్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. “నేను నడవలేనా? కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్తుంటే నలుగురూ ఏమనుకుంటారు?” అంది. నేను గట్టిగా చెప్పలేకపోయాను. అది నా తప్పు.

అంతర్జాతీయ టెర్మినల్‌లో ప్రయాణికులు లోపలికి వెళ్లే తలుపు దగ్గర చెయ్యి ఊపి వెళ్లింది. పావుగంటకి తెలియని నంబర్ నుంచి ఫోన్. ఎవరో తమిళ అమ్మాయి. “ఆంటీ ఏడుస్తున్నారు, మీతో మాట్లాడాలంట” అని ఇంగ్లిషులో చెప్పి ఇచ్చింది.

“ఒరేయ్, నన్ను పక్కకి నిలబెట్టేశార్రా. ఏదో మోగుతోందంట. పుస్తెల తాడు తీయమంటున్నట్టున్నారు. నేను తీయనురా.”

అమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. లోపల లోహం. యంత్రం మోగడం మామూలే, అడిగేవాళ్లు అడగడమూ మామూలే, వాళ్ల తప్పేం లేదు. కానీ వాళ్ల చేతి సైగలు అమ్మకి మెడ వైపు చూపించినట్టు అర్థమయ్యాయి. మా నాన్న ఇంటి దగ్గర నిక్షేపంగా ఉన్నాడు. ఆవిడ తాడు తీయమంటే తీస్తుందా?

నేను నిలబడ్డ చోటికి ముప్ఫై అడుగుల్లో సిబ్బంది తలుపు ఉంది. ఆ తలుపు చట్రం మా వాళ్లే బిగించారు. అప్పుడు మాకు అక్కడ పని నడుస్తోంది కాబట్టి నా కార్డుకి ఆ తలుపు తెరుచుకుంటుంది. కార్డు జేబులోనే ఉంది. గీస్తే రెండు నిమిషాల్లో అమ్మ పక్కన ఉంటాను. నడుచుకుంటూ ఆ తలుపు దాకా వెళ్లాను కూడా.

వెళ్లి ఆగిపోయాను. ఆ క్షణంలో నాకు కనిష్క గుర్తొచ్చిందనో, లాస్ ఏంజెలిస్ గుర్తొచ్చిందనో చెప్తే అబద్ధం. కార్డు పోతే ఉద్యోగం పోతుంది, పుట్టి మూడు నెలలైన పిల్లాడున్నాడు, అదే గుర్తొచ్చింది. డ్యూటీలో లేనప్పుడు ఆ కార్డు ఒట్టి ప్లాస్టిక్ ముక్క అని అంతకు నాలుగు రోజుల ముందే మా వాళ్లకి క్లాసు పీకాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. లోపలి తనిఖీ సిబ్బంది కళ్లతో చూడండి. ఒక ప్రయాణికురాలి దగ్గర యంత్రం మోగింది. ఆమెను ఆపారు. వెంటనే పనిలో లేని ఒక ఉద్యోగి వెనక తలుపులోంచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. వాళ్లకి శిక్షణలో భయపడమని నేర్పే దృశ్యం సరిగ్గా అదే. నేను అమ్మకి సాయం చేసినట్టు కాదు, ఆమెను ఇంకా ఇరికించినట్టు అయ్యేది.

ఫోన్‌లోనే ఆ తమిళ అమ్మాయికి మోకాళ్ల సంగతి చెప్పాను. ఆమె వాళ్లకి చెప్పింది. ఒక మహిళా ఉద్యోగి వచ్చి చేత్తో తనిఖీ చేసి ఐదు నిమిషాల్లో పంపేసింది. తాడు జోలికి ఎవరూ పోలేదు. నేను విమానసంస్థ కౌంటర్‌కి పరిగెత్తి, లోపల గేటు దగ్గర ఎవరైనా చూసుకోమని బతిమాలాను. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, పేరు కూడా అడగలేదు. సింగపూర్‌లో మన గేటు దాకా దిగబెట్టి వెళ్లిందట.

ఇంటికి చేరాక అమ్మ ఫోన్లో అంది, “ఆ గోడలన్నీ నువ్వే కట్టావంటావు కదరా. ఆ ఒక్క తలుపు తీయలేకపోయావా?” నేను పైన రాసినవన్నీ చెప్పాను. వింది. నమ్మిందో లేదో తెలియదు. మా పిన్ని వాళ్లకి మాత్రం ‘వాడు వాచ్‌మన్‌కి భయపడ్డాడు’ అని చెప్పిందట.

మరి ఏం చేయాలి?

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే టికెట్ కొన్నప్పుడే విమానసంస్థకి వీల్‌చెయిర్ సాయం కావాలని చెప్పండి, కనీసం రెండు మూడు రోజుల ముందైనా. డబ్బు కట్టక్కర్లేదు. కాళ్ల కోసం కాదు అది, దారి కోసం. తోసుకెళ్లే మనిషి చెక్-ఇన్ నుంచి తనిఖీ, ఇమిగ్రేషన్ దాటించి గేటు దాకా తీసుకెళ్తాడు. మధ్యలో విమానం మారే చోటా ఇంకో మనిషి వస్తాడు. ఆపరేషన్ వల్ల ఒంట్లో లోహం ఉంటే డాక్టర్ దగ్గర ఇంగ్లిషులో రెండు లైన్ల కాగితం రాయించి పాస్‌పోర్టులోనే పెట్టండి. దానివల్ల తనిఖీ తప్పదు, కంగారు తప్పుతుంది. ఒక పెద్ద కాగితం మీద ‘నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి ఈ నంబర్‌కి ఫోన్ చేయండి’ అని ఇంగ్లిషులో రాసి ఇవ్వండి. తేనె, నెయ్యి, పచ్చడి లాంటివి వంద మిల్లీలీటర్లు దాటితే చేతి సంచీలో వద్దు, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.

ఒక వెసులుబాటు ఉంది. ఆస్ట్రేలియాలో దేశీయ టెర్మినళ్లలో టికెట్ లేకపోయినా తనిఖీ చేయించుకుని గేటు దాకా వెళ్లి సాగనంపవచ్చు. మన దగ్గర టికెట్ లేనిదే టెర్మినల్ తలుపే దాటనివ్వరు కాబట్టి మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అంతర్జాతీయ టెర్మినల్‌లో మాత్రం ఇది కుదరదు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఉన్న చోట ఫోన్ తీసి ఫొటోలూ వీడియోలూ తీయకండి, బోర్డులు ఊరికే పెట్టలేదు.

ఆ వరంగల్ కుర్రాడు సోమవారం పొద్దున్నే విమానసంస్థకి ఫోన్ చేసి కుర్చీ చెప్పాడు. మంగళవారం రాత్రి “అమ్మ శంషాబాద్ల దిగింది అన్నా, కుర్చీల రాణి లెక్క పోయిందట” అని మెసేజ్ పెట్టాడు.

మా అమ్మ పిల్లాణ్ని చూడ్డానికి వచ్చే డిసెంబరులో మళ్లీ వస్తానంటోంది. ఈసారి కుర్చీ చెప్పమంది. కానీ మా ఊరివాళ్లెవరైనా సాగనంపడానికి వస్తే వాళ్ల ముందు ఎక్కదట, తలుపు దాటాకే ఎక్కుతుందట.